ఎదురుకొండ మీద దొరికిన పురుగు

మా అత్తగారి లెక్కలో పురుగులు రెండే రకాలు. చంపినవి, చంపడానికి ఇంకా తీరికలేక వదిలేసినవి. అలాంటావిడ కన్నకొడుకు పురుగుల శాస్త్రవేత్త అయ్యారు. ఆయన్ని చేసుకున్న నేను ఆ పురుగుల బొమ్మలు గీసేదాన్ని. కొండమీది పరిశోధనా కేంద్రం వాళ్ళు ఇచ్చిన ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. ముందుగదినిండా ఆయన సీసాలు. వెనకగదిలో ఆవిడ కుట్టుమిషను. నడుమ గదిలో కిటికీ పక్కన నా బల్ల, నా పెన్నులు, కేంద్రం వాళ్ళ మైక్రోస్కోపు.

మా కొండమీద ఎండాకాలమంటే ఎండలు కాసే కాలమని కాదు. మబ్బు కాస్త పైకి జరిగి, శిఖరానికి వెళ్ళే దారి కాళ్ళకి కనిపించే కాలమని. నేను చెప్పేది అలాంటి ఒక ఎండాకాలం సంగతి.

ఆ శిఖరం మీద గూనిపట్టిన ముసలి చెట్లున్నాయి. ఏడాదంతా మబ్బులో నానుతూ ఒళ్ళంతా నాచు పట్టి ఉంటాయి. వాటి బెరడు మీద ఒక ముక్కుపురుగు బతుకుతుంది. బియ్యంలో కనిపించే ముక్కుపురుగుకి పెదనాన్న అనుకోండి, బొటనవేలి గోరంత ఉంటుంది. ఏనుగు తొండంలా ముందుకు సాగిన మూతి. వీపు మీది డిప్పలు రెండూ అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి ఎగరలేదు. ఆ డిప్పల గుంటల్లో కూడా నాచు మొలుస్తుంది. వీపు మీద ఒక చిన్న తోట మోసుకుంటూ నింపాదిగా తిరుగుతుంది. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని దబ్బున కిందపడి, చచ్చినట్టు నటిస్తుంది. దాన్ని మొదట చూసింది మా ఆయనే. శాస్త్రానికి ఆయన పెట్టిన పేరు నోరు తిరగనిది. ఇంట్లో మాత్రం మేం తోటమాలి అనేవాళ్ళం.

ఆ ఎండాకాలం మొదట్లో రోప్‌వే కంపెనీ మేనేజరు మా ఇంటికి వచ్చాడు. శిఖరం మీద చెట్లు కొట్టేసి, అక్కడిదాకా తీగల మీద పెట్టెలు నడిపి, పైన ఒక హోటలు కట్టాలని వాళ్ళ ఆలోచన. మనిషి మంచిగానే మాట్లాడాడు. కాకపోతే ప్రతి మాట చివరా నవ్వేవాడు.

"ఈ పురుగు ఈ శిఖరం మీద తప్ప ఇంకెక్కడా లేదని తమరే రాశారట," అన్నాడు. "అందుకని మా కాగితాలు కదలడం లేదు సార్."

"లేదు కాబట్టి లేదని రాశాను," అన్నారు మా ఆయన.

"ఎదురుకొండ మీద చూశారా?"

"చాలాసార్లు చూశాను. అక్కడ అసలు ఆ చెట్లే లేవు."

"ఇంకోసారి చూడండి. పురుగు కదండీ. పాక్కుంటూ వెళ్ళి ఉండొచ్చు."

"మధ్యలో లోయ ఉంది. దానికి రెక్కల్లేవు."

మేనేజరు దానికీ నవ్వాడు. టీ కప్పులు తీయడానికి వచ్చిన మా అత్తగారు కాసేపు ఆయన మొహంలోకి చూసి, "పొద్దస్తమానం అలా నవ్వుతుంటే దవడలు నొప్పెట్టవా నాయనా?" అని అడిగారు. అడిగింది పెద్దావిడ కాబట్టి మేనేజరు మళ్ళీ నవ్వాడు. ఆ పూట నుంచీ మా ఇంట్లో ఆయన పేరు నవ్వులాయన.

నవ్వులాయన జీపు మలుపు తిరిగాక మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఏం చేసుకుంటాడో చేసుకోమను," అన్నారు. మా ఆయన్ని చూసి ఆ పూట నేను ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తర్వాత పెద్దసారు నుంచి పిలుపొచ్చింది. పెద్దసారు అంటే ఇలాంటి కేంద్రాలన్నిటికీ పైన, నగరంలో కూర్చునే అధికారి. మా ఆయన వెళ్ళి కొన్నాళ్ళుండి వచ్చారు. వచ్చినాయన అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో గీతలు గీస్తుంటే, "ఏమన్నార్రా?" అని అత్తగారు అడిగారు.

"ఏముందమ్మా. కొత్త ల్యాబు కడుతున్నారట. పెద్దసారు వచ్చే ఏడు దిగిపోతున్నారు."

"దిగిపోతే?"

"ఎవరో ఒకరు ఎక్కాలి కదా," అన్నారాయన.

నేను ఆ మాటని అక్కడే వదిలేశాను. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, "శిఖరం మీదికి వెళ్దాం, వస్తావా?" అని అడిగారు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరం రోజూ వెళ్ళేవాళ్ళం. తర్వాత తర్వాత ఆయన ఒక్కరే వెళ్ళడం, నేను సీసాలో వచ్చినదాన్ని గీయడం అలవాటైపోయింది. ఎన్నేళ్ళ తర్వాతో పిలిచారు. నేను రెండు చపాతీల మధ్య కూర పెట్టుకుని, చిన్నపిల్లలా బయల్దేరాను.

ఆ రోజు నా జీవితంలో మంచి రోజుల్లో ఒకటి. ఆ మాట చెప్పకుండా మిగతాది చెబితే అబద్ధమవుతుంది. దారిలో నా బూటు తాడు ఊడితే ఆయన తడిమట్టిలో మోకాలేసి కూర్చుని ముడేశారు. పైన మబ్బు చెట్ల మధ్యనుంచి మెల్లగా పోతోంది. అట్టపెట్టె అడుగున తడినాచు పరిచి ఆయన నా చేతికిచ్చారు.

"ఈసారి ప్రాణంతో కావాలి," అన్నారు. "గాజుపెట్టెలో పెంచి, గుడ్లు ఎక్కడ పెడతాయో చూద్దాం. నీ కళ్ళు చురుకు. నువ్వు ఏరు."

ఏరాను. నాచులో నాచులా ఉండే పురుగుని పట్టాలంటే నాచుని చూడకూడదు, నాచు కదలికని చూడాలి. అది నాకు చేతనవును. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా కేకేసి చూపించేదాన్ని, ఆయన నవ్వేవారు. ఒకటి మాత్రం నా అరచేతిలో వెల్లకిలా పడి, ఎంతసేపటికీ లేవదు. ఎడమ మీసం సగానికి విరిగి ఉంది. వీపు మీద కుడిపక్కన నాచులోంచి ఎర్రటి కాడ ఒకటి, తలపాగా పెట్టుకున్నట్టు, నిటారుగా లేచి ఉంది.

"ఇది మీ అమ్మగారు," అన్నాను. "పంతం పడితే అంతే."

ఆయన పడీపడీ నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు ఆ పెట్టె నేనే గుండెలకి హత్తుకుని, కుదుపు తగలకుండా మోసుకొచ్చాను.

ఆ పెట్టె తెల్లారి కేంద్రానికి వెళ్ళింది. పురుగులు ఎలా ఉన్నాయని అడిగితే, "ఒక్కొక్కటే పోతున్నాయి, గాజు పడినట్టు లేదు," అన్నారు. నేను నొచ్చుకున్నాను. తర్వాత ఆయన సామాను కట్టుకుని, కేంద్రం జీపు డ్రైవరుని వెంటేసుకుని, ఎదురుకొండ సర్వేకి వెళ్ళారు.

తిరిగొచ్చిన సాయంత్రం కాళ్ళు కూడా కడుక్కోకుండా నా బల్ల మీద సీసా పెట్టారు.

"దొరికాయి," అన్నారు. "ఉత్తరపు వాలులో. బతికున్నవి ఇంకా ఉన్నాయి, కొన్నే తెచ్చాను. బొమ్మ వేసిస్తే నివేదికలో పెడతాను."

నాకు నిజంగానే సంతోషం వేసింది. పాపం, అక్కడ కూడా ఉందన్నమాట, ఒక్క శిఖరాన్ని నమ్ముకున్న జాతి కాదన్నమాట అనుకున్నాను. పురుగుల్ని నిలవ ఉంచే మందులో తేలుతున్నవాటిలో పెద్దదాన్ని పట్టకారుతో తీసి, తడి ఒత్తి, మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఎడమ మీసం సగానికి విరిగి ఉంది. కుడిపక్కన ఎర్రటి కాడ మందుకి వాలిపోయింది కానీ ఊడలేదు.

నేను పెన్నుకి మూత పెట్టేశాను.

"గాజుపెట్టెలోవి ఏమయ్యాయి?" అని అడిగాను.

"చచ్చిపోయాయని చెప్పాను కదా."

"అన్నీనా?"

"అన్నీ."

"అయితే ఇదెవరు?"

ఆయన వంగి చూడలేదు. చూడాల్సిన పని లేదు. తువ్వాలు తీసుకుని మెడ తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"తలుపు వేయి," అన్నారు. "అమ్మ వింటుంది."

"విననివ్వండి."

"చూడు. నేను వాటిని చంపడానికి తీసుకెళ్ళలేదు. మిగతావాటిని అక్కడ వదిలాను. బతుకుతాయేమో ఎవరికి తెలుసు?"

"అక్కడ ఆ చెట్లే లేవన్నారు మీరు. ఈ ఇంట్లోనే అన్నారు."

"అన్నాను. ఇన్నేళ్ళు అదే అంటూ ఈ చెమ్మలో కూర్చున్నాను. నాకంటే వెనకొచ్చినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. పుస్తకాలకి బూజు, ఊపిరితిత్తులకి బూజు. ఒక పురుగు కోసం ఊరు ఊరంతా నన్ను తిడుతోంది. మన డ్రైవరు అల్లుడికి పని లేదు. ఆ హోటలొస్తే ఎంతమందికి దొరుకుతుందో తెలుసా నీకు?"

"అది మాట్లాడాల్సిన మాటే. అందరిముందూ అది చెప్పండి. జనానికి పని కావాలి, పురుగు పోతే పోనివ్వండి అని చెప్పండి. నేను మీ పక్కన నిలబడతాను."

ఆయన తువ్వాలు కుర్చీ మీద వేశారు.

"నాతో ఎందుకు ఏరించారు?" అని అడిగాను. నాకు కావలసింది ఆ ఒక్క జవాబే. ఏదో చెబుతారనుకున్నాను. నీకు కూడా భాగముండాలనో, చెప్పాలనుకుని చెప్పలేకపోయాననో.

"నీ కంటికి తొందరగా కనబడతాయి," అన్నారు. "నా ఒక్కడి వల్ల అయితే వారం పట్టేది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాకు చెప్పిన అతి నిజమైన మాట అదేననుకుంటాను. నాకు ముక్కుమీద కోపం అని అందరూ అంటారు. ఆ కోపం అయితే ఒక గిన్నె విసిరేసి ఊరుకునేదాన్ని. ఇది అది కాదు. ఇది కడుపులోకి దిగి, కుర్చీ వేసుకుని కూర్చుంది.

బొమ్మ వేయనన్నాను. ఆయన ఫొటో తీసుకుని నివేదిక పంపేశారు.

మర్నాడు అత్తగారి మిషను దగ్గర కూర్చుని అంతా చెప్పాను. మొగుడు పోయాక ఆవిడ ఆ మిషను తొక్కే కొడుకుని చదివించారు. వింటున్నంతసేపూ పాదం ఆపలేదు. నా మాటలు అయిపోయాక దారం కొరికి, గుడ్డ మడతపెట్టారు.

"ఇప్పుడేం చేద్దామని?" అన్నారు.

"రోప్‌వేకి అనుమతివ్వాలా వద్దా అని ప్రభుత్వం విచారణ పెడుతోంది కదా. అందులో చెబుతాను."

"మొగుడు దొంగ అని నలుగురిలో చెబుతావు."

"దొంగ అనను. ఆ పురుగులు నేను ఏరినవని చెబుతాను."

"ఆ రెండింటికీ తేడా నీకు తెలుస్తుంది, నాకు తెలుస్తుంది. ఊరికి తెలుస్తుందా? వాడి బతుకు బజారున పడుతుంది. ఇన్నేళ్ళు ఈ కాళ్ళు అరగదీసుకుంది ఇందుకా? ఒక పురుగు కోసమా? వేడినీళ్ళు పోస్తే చచ్చే పురుగు."

"మీ అబ్బాయి చేసింది తప్పని మీకు అనిపించడం లేదా అత్తయ్యా?"

"నాకు ఏమనిపిస్తుందో నీకు చెప్పాల్సిన పని లేదు," అని ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టారు. ఆవిడ మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆ ఇంట్లో ముగ్గురం ఉన్నాం, ముగ్గురికీ మాటల్లేవు. అన్నం వడ్డించుకోవడం, తినడం, కంచాలు కడగడం. చెంచా కింద పడితే ఉలిక్కిపడేవాళ్ళం. నేను విచారణలో చెప్పబోతున్నానని డ్రైవరుకి ఎలా తెలిసిందో, ఒకరోజు నన్ను బజారు దగ్గర దింపుతూ, "మా అల్లుడికి హోటల్లో లిఫ్టు పని అనుకుంటున్నామమ్మా," అని మాత్రం అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోలేకపోయాను. అది ఇంకా కష్టం.

విచారణ బడి హాల్లో పెట్టారు. పిల్లల బెంచీలు కావడంతో పెద్దవాళ్ళందరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. ముందు బల్ల దగ్గర ప్రభుత్వం పంపిన విచారణాధికారి, నెరిసిన జుట్టు ఆవిడ. పక్కన పెద్దసారు. ఓ మూల నవ్వులాయన. మా ఆయన లేచి ఎదురుకొండ మీద పురుగు దొరికిన వైనం చదివారు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి చదివారు. అత్తగారు ఆయన కుర్చీ పక్క కుర్చీలోనే, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను వెనక బెంచీలో.

"ఎవరైనా ఏమైనా చెప్పదలచుకున్నారా?" అని అధికారి అడిగింది.

నేను లేచాను. ఆ ఫొటోలో పురుగు ఎదురుకొండ మీదిది కాదు, ఈ శిఖరం మీద నా చేతులతో నేను ఏరినది, విరిగిన మీసం చూడండి, ఎర్రకాడ చూడండి, ప్రాణంతో పెట్టెలో పెట్టి నా భర్త చేతికిచ్చాను అని చెప్పాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

హాలంతా గుసగుసలు. అధికారి ఫొటో ఎత్తి చూసి, మా ఆయన వైపు తిరిగింది. "మీరేమంటారు?"

ఆయన నా వైపు చూడలేదు. బల్ల మీద కాగితం అంచు సరిచేసుకున్నారు.

"నా భార్య ఆరోగ్యం ఈ మధ్య బాగుండటం లేదండీ," అన్నారు. "పిల్లలు కలగలేదన్న బెంగ చాలా ఏళ్ళుగా మనసు మీద పనిచేస్తోంది. ఏవేవో ఊహించుకుంటుంది. దయచేసి పెద్దమనసుతో వదిలేయండి."

ఎవరో "అయ్యో పాపం" అన్నారు. నవ్వులాయన కూడా నవ్వడం ఆపి, జాలిగా మొహం పెట్టాడు. తిట్టినా నిలబడేదాన్ని. ఆ జాలి దుప్పటిలా వచ్చి మొహం మీద పడింది, నాకు ఊపిరాడలేదు. మా ఇద్దరి మధ్యా తలుపులు వేసుకుని ఏడ్చిన ఏడుపుని తీసుకొచ్చి, పురుగుని బల్ల మీద పెట్టినట్టు, ఆ బల్ల మీద పెట్టాడు. నా నోట ఆ మనిషికి 'ఆయన' అనే మర్యాద ఆ క్షణంతో సరి.

అప్పుడు ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. మా అత్తగారు సంచి కుర్చీలో పెట్టి లేచి నిలబడ్డారు.

"నా కోడలికి ఏ జబ్బూ లేదు," అన్నారు.

అధికారి కళ్ళజోడు పైకి తోసుకుంది. "మీరెవరమ్మా?"

"వాడి తల్లిని."

అంతే. సంచి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని అదే కుర్చీలో, కొడుకు పక్కనే కూర్చున్నారు. కొడుకుది తప్పని అనలేదు, నాది ఒప్పని అనలేదు. తర్వాత అధికారి కలం తీసుకుని, రెండు కొండలూ బయటివాళ్ళతో మళ్ళీ చూపిస్తానని చెప్పింది.

బయటివాళ్ళు వచ్చారు, వెతికారు. ఎదురుకొండ మీద ఒక చెట్టు మొదట్లో ఖాళీ డిప్పలు కొన్ని దొరికాయి, ప్రాణమున్నది ఒక్కటీ లేదు. అలాగని న్యాయం గెలిచిందని చెప్పను. కంపెనీ శిఖరాన్ని వదిలేసి, దాని భుజం మీద, కాస్త దిగువన, చెట్లు కొట్టడానికి అనుమతి తెచ్చుకుంది. డ్రైవరు అల్లుడికి పని దొరికింది. నివేదికలో జరిగింది పొరపాటు అన్నారు. పొరపాటు చేసిన మనిషిని శిక్షగా నగరానికి బదిలీ చేశారు. శిక్ష బాగానే ఉంది, పెద్ద గది, ఇద్దరు సహాయకులు, పొడిగాలి. పెద్దసారు కుర్చీ కాకపోయినా, దానికి రెండు మెట్ల కింద.

వెళ్ళేనాటికి తొలివానలు మొదలయ్యాయి. సామాను జీపులోకి ఎక్కించాక అతను వెనకగది గుమ్మంలో నిలబడ్డాడు.

"లే అమ్మా, పొద్దెక్కుతోంది."

"నేను రానని చెప్పాను కదరా," అన్నారు అత్తగారు. "చలికోటు పైపెట్టెలో పెట్టాను. గుండీలు మార్చాను. వేసుకో."

"ఇక్కడెవరున్నారమ్మా నీకు?"

ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టారు. అతను కొంతసేపు చూసి ఇవతలికి వచ్చేశాడు. నాకు కనబడుతూనే ఉంది, సూది కింద గుడ్డ లేదు. ఊరికే తొక్కుతున్నారు.

వరండాలో నా ముందు ఆగాడు. వాన చూరు మీంచి తాడులా పడుతోంది.

"నువ్వైనా రా," అన్నాడు. "అక్కడ నీకు మంచి వెలుతురున్న గది ఇప్పిస్తాను. జరిగిందేదో జరిగింది."

నేను పక్కకి జరిగి దారిచ్చాను.

"ఆ రోజు హాల్లో అందరూ నన్నే చూస్తున్నారు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ నిమిషంలో నోటికేదొస్తే అది అనేశాను. అంతమాత్రానికే..."

"అదే చెబుతున్నా," అన్నాను. "ఆ నిమిషంలో నీ నోటికి అది వచ్చింది."

పెళ్ళయ్యాక అతన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆ తేడా అతనికి తెలిసింది. చెంపమీద ఏదో తగిలినట్టు తల పక్కకి తిప్పి, వానలోకి దిగి, జీపెక్కాడు. డ్రైవరు నావైపు ఒకసారి చూసి బండి కదిలించాడు.

లోపల మిషను చప్పుడు ఆగింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి, కళ్ళొత్తుకుని, జీపు పోయిన దారి చూశారు.

"వెళ్ళాడా?" అన్నారు.

"వెళ్ళాడు," అన్నాను.

వెళ్ళారు అనకుండా వెళ్ళాడు అన్నందుకు ఆవిడ నన్ను ఏమీ అనలేదు. జల్లు కొడుతోందని నన్ను లోపలికి రమ్మని తలుపు వేశారు.